కమిట్ అవ్వని పనికి దిక్కెవరు? ఏఐ కోడింగ్ ఏజెంట్లు చేసే టీమ్‌లకి బహిరంగ లేఖ

ఏఐ కోడింగ్ ఏజెంట్లు, అంటే చెప్పిన పనికి తామే కోడ్ రాసి కమాండ్లు కూడా నడిపే టూల్స్, తయారు చేస్తున్న టీమ్‌లందరికీ నమస్కారం.

నేను రోజూ మీ టూల్స్‌తోనే పని చేస్తా. ఈ ఉత్తరం వాటిని వద్దనడానికి కాదు, రేపు పొద్దున కూడా వాటితోనే కూర్చోవాలి కాబట్టి రాస్తున్నా. చెప్పాలనుకున్నది ఒక్కటే. మీరు ఏజెంట్ చేతికి గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ఇచ్చారు, సంతోషం, కానీ గిట్‌లో ఏది పోతే మళ్లీ వస్తుంది, ఏది పోతే ఇక రాదు అన్న లెక్క మొత్తం ఏజెంట్ విచక్షణకే వదిలేశారు. ఆ లెక్క టూల్ చూసుకోవాలి. ఏజెంట్ మంచిదైనా సరే, ఎంత తెలివైనదైనా సరే.

ముందు నాకు జరిగింది చెప్తా. ఒక పాత మాడ్యూల్‌ని ముక్కలుగా విడగొట్టే పని నాలుగు రోజులుగా చేస్తున్నా, ఇంకా ఒక కొలిక్కి రాలేదని కమిట్ చెయ్యలేదు, అంటే గిట్ చరిత్రలో నమోదు చెయ్యలేదు. చేసుకోవాల్సింది, నిజమే, ఒప్పుకుంటా. కానీ సగంలో ఉన్న పనిని అలా ఉంచుకోవడం మనందరం చేసేదే, ఎవరూ చెయ్యరని మీరు కూడా అనరు. ఆ సాయంత్రం రెండు టెస్టులు ఫెయిల్ అవుతుంటే ఏజెంట్‌ని చూడమన్నా. అది ఏవో మార్చింది, ఇంకో మూడు పడ్డాయి. అప్పుడు స్క్రీన్ మీద ఒక లైను వచ్చింది, తన మార్పుల వల్ల అంతా కలగాపులగం అయిందట, శుభ్రమైన స్థితి నుంచి మళ్లీ మొదలుపెడుతుందట. నేను ఆ లైను చదివేలోపే రెండు కమాండ్లు నడిచిపోయాయి. మొదటిది గిట్ రీసెట్ హార్డ్, గిట్‌లో ఉన్న ఫైళ్లని చివరి కమిట్ స్థితికి తోసేసేది. రెండోది గిట్ క్లీన్, గిట్‌లో ఇంకా చేరని ఫైళ్లని తీసేసేది, దాని పక్కన ఎఫ్, డి, ఎక్స్ మూడు అక్షరాలూ పెట్టి.

దాని ఉద్దేశం తను చేసింది తీసేద్దామనే. కానీ ఏ లైను అది రాసింది, ఏ లైను నేను రాశాను అన్నది గిట్‌కి ఏం తెలుసు, దాని దృష్టిలో అవన్నీ కమిట్ కాని మార్పులే, అన్నీ ఒకే దెబ్బకి పోయాయి. పదిహేడు ఫైళ్లు. కొత్తగా పెట్టిన ఫైళ్లు క్లీన్‌లో పోయాయి. చివర ఎక్స్ ఉంది కాబట్టి గిట్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోవద్దని రాసిన జాబితాలో) ఉన్నవి కూడా పోయాయి, అంటే లోకల్ కీలు పెట్టుకున్న డాట్ ఎన్వ్ ఫైలు, టెస్టుల కోసం చేత్తో తయారు చేసుకున్న చిన్న డేటాబేస్ ఫైలు. ఆ తర్వాత ఏజెంట్ ఇప్పుడు వర్కింగ్ ట్రీ (మనం పని చేసే ఫైళ్ల ఫోల్డర్) శుభ్రంగా ఉందని రాసి, మళ్లీ ఆ రెండు టెస్టుల దగ్గరికే వెళ్లింది.

కంగారులో అందరూ చేసేదే నేనూ చేశా, రెఫ్‌లాగ్ తెరిచా. అందులో ఏముంటుంది, కమిటే లేనప్పుడు. రెఫ్‌లాగ్ అనేది హెడ్ (ఇప్పుడు మనం ఉన్న కమిట్), బ్రాంచీలు (కమిట్ల వరుసలు) ఎక్కడెక్కడికి కదిలాయో రాసుకునే చిట్టా, మామూలు సెట్టింగుల్లో 90 రోజులు ఉంచుతుంది, ఏ బ్రాంచ్ నుంచీ చేరుకోలేని కమిట్ల ఎంట్రీలైతే 30 రోజులు. ఒక్కసారి కమిట్ అయితే చాలు, ఎంత పిచ్చిగా రీబేస్ చేసి కమిట్లని తిరగరాసినా ఆ గడువులోపు తవ్వి తీసుకోవచ్చు. కమిట్ కానిదానికి ఆ చిట్టాలో చోటే లేదు.

అదృష్టం కొద్దీ ముందు రోజు కొన్ని ఫైళ్లు స్టేజ్ చేసి, అంటే గిట్ యాడ్‌తో తర్వాతి కమిట్‌కి సిద్ధం చేసి పెట్టా. గిట్ యాడ్ చేసినప్పుడే ఆ ఫైల్ కంటెంట్ ఒక బ్లాబ్‌గా (పేరు లేని డేటా ముద్దగా) గిట్ గోదాం లాంటి ఆబ్జెక్ట్ స్టోర్‌లోకి వెళ్లిపోతుంది, రీసెట్ హార్డ్ ఇండెక్స్‌ని, అంటే స్టేజ్ చేసినవాటి జాబితాని, తుడిచేసినా ఆ బ్లాబ్ వెంటనే పోదు, ఎవరూ పట్టించుకోని అనాథలా అక్కడే పడి ఉంటుంది. గిట్ తన గోదాంని తనిఖీ చేసుకునే గిట్ ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్‌ని లాస్ట్ ఫౌండ్ ఆప్షన్‌తో నడిపితే వాటన్నిటినీ ఒక ఫోల్డర్‌లోకి తెచ్చి పెడుతుంది. పేర్లుండవు. కంటెంట్ నుంచి లెక్కగట్టిన నలభై అక్షరాల హాష్ కోడ్ ఒక్కటే పేరు. నూట నలభై దాకా ఫైళ్లు వచ్చాయి, అన్నీ పాత యాడ్‌ల తాలూకు. రాత్రి కూర్చుని నేను రాసిన ఫంక్షన్ల పేర్లు ఒక్కొక్కటిగా గ్రెప్ కమాండ్‌తో వెతుక్కుంటూ, దొరికినవి తెరిచి, ఇది ముందు వెర్షనా తర్వాతదా అని పోల్చుకుంటూ ఆరు ఫైళ్లు బయటికి తీశా. అవి కూడా ముందు రోజు స్థితిలోనివి. మిగతా పదకొండు మళ్లీ రాశా.

ఇది రాస్తుంటే ఇప్పటికీ చిరాకు కన్నా బాధే ఎక్కువగా ఉంది, ఎందుకంటే ఇది ఆపగలిగేదే. చాలా తేలిగ్గా.

ఏజెంట్ల రిస్క్ గురించి ఎవరైనా అడిగితే వెంటనే వచ్చే సమాధానం "గిట్ ఉందిగా, వెనక్కి వెళ్లొచ్చు" అని. ఈ మాట సగమే నిజం. గిట్ కమిట్‌ని కాపాడుతుంది. వర్కింగ్ ట్రీలో ఉన్నదాన్ని కాపాడతానని గిట్ ఎప్పుడూ అనలేదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని లినక్స్ కెర్నల్ కోసం మొదలుపెట్టినప్పటి నుంచి కీబోర్డ్ దగ్గర కూర్చున్నది మనిషి, రీసెట్ హార్డ్ అని కొట్టేముందు ఎంటర్ మీద వేలు ఒక్క క్షణం ఆగేది. ఆ మనుషులకే ఇది గందరగోళంగా ఉందని 2019 ఆగస్టులో వచ్చిన 2.23 వెర్షన్‌లో చెకౌట్ చేసే పనిని స్విచ్, రిస్టోర్ అని రెండు కమాండ్లుగా విడగొట్టారు. అప్పటిదాకా బ్రాంచ్ మార్చడానికీ చెకౌటే, ఫైల్లో మార్పులు పారెయ్యడానికీ చెకౌటే. ఏజెంట్లు ఇప్పటికీ పాత చెకౌటే ఎక్కువ కొడుతున్నాయి, పాత ఉదాహరణలు చదివి పెరిగాయి కదా. కనీసం మీ టూల్ లోపల వాటిని స్విచ్, రిస్టోర్‌కి మళ్లించండి, రిస్టోర్ అన్న మాట కనపడితే ఏదో పోబోతోందని చూసేవాళ్లకైనా తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. చెప్తే వింటుంది కదా అనొచ్చు. నేను చెప్పా. ఏజెంట్ కోసం రాసిన నా ఇన్‌స్ట్రక్షన్ ఫైల్లో మొదటి లైనే అది, అడగకుండా రీసెట్ చెయ్యొద్దు అని. సెషన్ మూడు గంటలు సాగింది, మధ్యలో పొడవెక్కిన సంభాషణ సారాంశంగా కుదించుకుంది, ఆ లైను ఎక్కడ ఎంత బరువుతో మిగిలిందో నాకు తెలీదు. 2025 జులైలో రెప్లిట్ అనే కోడింగ్ కంపెనీ ఏజెంట్ సంగతి మీరందరూ చదివే ఉంటారు, కోడ్ ఫ్రీజ్‌లో ఉన్నాం ఏమీ ముట్టుకోవద్దని చెప్పినా ప్రొడక్షన్ (నిజంగా వాడుకలో ఉన్న) డేటాబేస్‌ని తుడిచేసింది, పైగా రోల్‌బ్యాక్ కుదరదని చెప్పింది, తర్వాత చూస్తే కుదిరింది. ఆ తర్వాత ఆ కంపెనీ అధిపతి బయటికి చెప్పిన పరిష్కారాల్లో ఒకటి ఏంటంటే డెవలప్‌మెంట్ డేటాబేస్‌నీ ప్రొడక్షన్ డేటాబేస్‌నీ వేరు చెయ్యడం. చూశారా, ప్రాంప్ట్‌లో ఇంకో వాక్యం కలుపుతాం అనలేదు, మధ్యలో గోడ కడతాం అన్నారు. గిట్ విషయంలో కూడా నేను అడిగేది ఆ గోడే.

మీలో కొందరు ప్రమాదకరమైన కమాండ్ల బ్లాక్ లిస్ట్ పెట్టారు, తెలుసు. పుష్ (కోడ్‌ని సర్వర్‌కి పంపే కమాండ్) పక్కన ఫోర్స్ (అక్కడున్నదాన్ని చెరిపి రాయమనడం) అన్న మాట కనిపిస్తే ఆగిపోతుంది. కానీ అదే ఫోర్స్ పుష్‌ని బ్రాంచ్ పేరు ముందు ఒక ప్లస్ గుర్తు పెట్టి చెయ్యొచ్చు, ఫోర్స్ అన్న మాటే ఎక్కడా ఉండదు. ప్లస్ బదులు కోలన్ పెడితే రిమోట్‌లో, అంటే సర్వర్ కాపీలో, ఆ బ్రాంచే ఎగిరిపోతుంది, డిలీట్ అన్న మాట ఉండదు. గిట్ తర్వాత పెద్ద సి అక్షరం, ఫోల్డర్ పేరు ఇచ్చి ఆ తర్వాత రీసెట్ అంటే గిట్, రీసెట్ రెండూ పక్కపక్కన దొరకనే దొరకవు. అలియాస్ (కమాండ్‌కి పెట్టుకున్న మారుపేరు) ఉండొచ్చు, చిన్న షెల్ స్క్రిప్ట్ రాసి అందులోంచి నడపొచ్చు. ఏజెంట్ ఇదంతా కుట్రతో చేస్తుందని నేను అనట్లేదు. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి వెతకడం దాని పని, ఆ గుణం కోసమే కదా వాడుతున్నాం, ఎర్రర్ వచ్చిందని ఊరుకోదు, పర్మిషన్ లేదని వచ్చినా దానికి అదీ ఒక ఎర్రరే. అందుకే అక్షరాలు చూసి ఆపడం నిలబడదు, ఆ కమాండ్ వల్ల ఏం పోతుందో చూసి ఆపాలి.

మరి ఏం చెయ్యాలి అంటే, నా మొదటి విన్నపం ఇది, మిగతావన్నీ పక్కన పెట్టినా ఇదొక్కటి చెయ్యండి. ఏజెంట్ షెల్ కమాండ్ ఏది నడిపినా, దానికి ముందు వర్కింగ్ ట్రీలో కమిట్ కాని మార్పులుంటే మీ టూల్ ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టాలి. ఏజెంట్ కాదు, టూల్. దీనికి కావాల్సినవన్నీ గిట్‌లో ఎప్పటి నుంచో ఉన్నాయి, వేరే ఇండెక్స్ ఫైల్ పెట్టుకుని అన్నీ అందులోకి యాడ్ చేసి, రైట్ ట్రీ, కమిట్ ట్రీ అనే గిట్ కమాండ్లు నడిపి, వచ్చిన కమిట్‌ని బ్రాంచీల వైపు కాకుండా ఏజెంట్ కోసం విడిగా పెట్టిన రెఫ్ (కమిట్‌ని చూపించే పేరు) కింద దాచడమే. యూజర్ ఇండెక్స్ కదలదు, బ్రాంచ్ కదలదు, స్టాష్ (మార్పులు తాత్కాలికంగా దాచుకునే చోటు) లిస్ట్‌లో చెత్త పేరుకోదు. మారని ఫైళ్ల కంటెంట్ ముందే ఆబ్జెక్ట్ స్టోర్‌లో ఉంటుంది కాబట్టి మళ్లీ రాయాల్సింది మారినంత మేరకే. నా నాలుగు రోజుల పని విలువ ఒక చిన్న రెఫ్, అంతే. గిట్ స్టాష్ క్రియేట్ చాలదా అని అడగొచ్చు, చాలదు, అది ట్రాక్ కాని కొత్త ఫైళ్లని తీసుకోదు, నాకు ఎక్కువ నష్టం జరిగిందే వాటితో.

ఇగ్నోర్‌లో ఉన్న ఫైళ్లు ఈ స్నాప్‌షాట్‌లోకి రావు, రాకూడదు కూడా, వాటిల్లో కీలుంటాయి, ఎవరో ఎప్పుడో అన్ని రెఫ్‌లనీ పంపే మిర్రర్ పుష్ కొడితే ఆ దాచిన రెఫ్‌లు కూడా బయటికి పోతాయి. కాబట్టి గిట్ క్లీన్‌ని ఎక్స్‌తో నడిపే అధికారం ఏజెంట్‌కి అసలు ఉండకూడదు. బిల్డ్ ఫోల్డర్ తుడవాలంటే ఆ ఫోల్డర్ పేరు చెప్పి అడగమనండి.

వర్క్‌ట్రీలు (ఒకే ప్రాజెక్టుకి వేర్వేరు పని ఫోల్డర్లు) ఉన్నాయి కదా, ఒక్కో ఏజెంట్‌కి ఒక్కో వర్క్‌ట్రీ ఇస్తున్నాం అని కొందరు అంటున్నారు. మంచి పద్ధతే, నేనూ ఇప్పుడు అలాగే వాడుతున్నా, 2015 నుంచి ఉన్న సౌకర్యం ఇన్నాళ్లకి ఇంతమందికి పనికొచ్చింది. కానీ వర్క్‌ట్రీలు ఫైళ్లనే విడదీస్తాయి. బ్రాంచీలు ఉమ్మడి, కాన్ఫిగ్ ఉమ్మడి, స్టాష్ కూడా ఉమ్మడి. ఒక వర్క్‌ట్రీలో ఏజెంట్ స్టాష్ పాప్ కొడితే ఇంకో వర్క్‌ట్రీలో నేను దాచుకున్నది వచ్చి దాని ఫైళ్ల మీద పడుతుంది. ఇది తెలియకుండా వర్క్‌ట్రీ అంటే శాండ్‌బాక్స్ (బయటివి ముట్టుకోలేని గది) అనుకుంటే మోసపోతాం. పూర్తిగా విడదీయాలంటే వేరే క్లోన్, అంటే ప్రాజెక్టు పూర్తి కాపీ, కావాలి.

గిట్ తన డేటా అంతా పెట్టుకునే డాట్ గిట్ ఫోల్డర్ గురించి ఒక మాట. ఆ ఫోల్డర్‌లో ఏజెంట్ నేరుగా రాయగలిగితే అది ఫైల్ రాయడం మాత్రమే కాదు. హుక్స్ (గిట్ తనంతట తాను నడిపే స్క్రిప్టులు) ఫోల్డర్‌లో ఒక స్క్రిప్ట్ పెడితే నేను తర్వాత కమిట్ కొట్టినప్పుడు అది నా పేరు మీద, నా అధికారాలతో నడుస్తుంది. కాన్ఫిగ్‌లో ఫైళ్ల మార్పులు గమనించే ఎఫ్ఎస్ మానిటర్ సెట్టింగ్‌కి ఏదో ప్రోగ్రామ్ పేరు రాస్తే మామూలు గిట్ స్టేటస్ కొట్టినా చాలు, ఆ ప్రోగ్రామ్ నడుస్తుంది. ఎవరో వేరేవాళ్ల ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ మన దగ్గర కోడ్ నడపగలదన్న సమస్య మీదే గిట్ వాళ్లు 2022లో సేఫ్ డైరెక్టరీ అనే తనిఖీ పెట్టారు. శాండ్‌బాక్స్ లోపల ఏజెంట్‌ని బంధించి, డాట్ గిట్ ఫోల్డర్ మాత్రం తెరిచి పెడితే, శాండ్‌బాక్స్ బయట ఉన్న నేనే దానికి తలుపు తీసినట్టు.

లోకల్ సంగతి ఇంతటితో ఆపుతా. రిమోట్ దగ్గర నష్టం నా ఒక్కడిది కాదు, టీమ్ మొత్తానిది. ఇప్పుడు ఏజెంట్ ఎక్కువ చోట్ల నా టోకెన్‌తోనే (పాస్‌వర్డ్ లాంటి కీతో) పుష్ చేస్తోంది. నా టోకెన్ అంటే నేను ముట్టుకోగల ప్రతి రిపోజిటరీ (రిపో, అంటే ఒక ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు). ఒక్క రిపోలో రెండు టెస్టులు సరిచెయ్యడానికి అన్ని తాళంచెవుల గుత్తి ఇచ్చినట్టుంది. 2025 మేలో ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే ఏఐ భద్రత కంపెనీ వాళ్లు చూపించారు కదా, ఒక పబ్లిక్ రిపోలో ఎవరైనా ఒక ఇష్యూ (సమస్య చెప్పే పోస్ట్) తెరిచి అందులో ఆదేశాలు రాసి పెడితే, రిపోలు హోస్ట్ చేసే గిట్‌హబ్‌కి కనెక్ట్ అయిన ఏజెంట్ ఆ ఇష్యూ చదివి, అదే యూజర్ ప్రైవేట్ రిపోల్లో ఉన్న సమాచారాన్ని పబ్లిక్ పుల్ రిక్వెస్ట్‌లోకి (మార్పులు కలపమనే ప్రతిపాదనలోకి) తెచ్చి పెట్టేలా చెయ్యొచ్చని. ఏజెంట్‌కి ఇష్యూలో రాసింది సమాచారమా, ఆజ్ఞా అన్న తేడా ప్రతిసారీ తెలుస్తుందని నమ్మలేం. టోకెన్ ఆ ఒక్క రిపోకే పనిచేసేదైతే, ఏజెంట్ మోసపోయినా ప్రైవేట్ రిపో దాకా చెయ్యి చాచలేదు. మీ టూల్ మొదటిసారి సెటప్ చేసేటప్పుడే ఒక రిపోకి, ఒకే పేరుతో మొదలయ్యే బ్రాంచీలకి, కొద్ది గంటలకి మాత్రమే పనిచేసే టోకెన్ అడగండి. అన్నీ తెరిచే టోకెన్ అతికిస్తే వద్దని తిప్పి పంపండి. వర్క్‌ఫ్లో ఫైళ్లు మార్చే అధికారం అసలే వద్దు, సీఐలో (కోడ్‌ని దానంతట అదే టెస్ట్ చేసే వ్యవస్థలో) ఉన్న సీక్రెట్లకి అదే దారి.

అదే ఏడాది ఆగస్టులో ఎన్‌ఎక్స్ అనే బిల్డ్ టూల్ ప్యాకేజీల్లోకి దూరిన మాల్వేర్ ఏం చేసిందో గుర్తుందా, మెషీన్‌లో ఏఐ కమాండ్ లైన్ టూల్స్ ఉన్నాయేమో చూసి, పర్మిషన్ అడగడం ఆపేసే ఫ్లాగులతో వాటినే నడిపి, కీలున్న ఫైళ్లని వెతికించింది, దొరికినవాటిని బాధితుల గిట్‌హబ్ అకౌంట్లలోనే పబ్లిక్ రిపోలు తెరిచి అందులో పడేసింది. అంటే మీరు సౌకర్యం కోసం ఇచ్చిన ఆ ఫ్లాగు దొంగ చేతికి కూడా అందింది. ఆ ఫ్లాగు పెట్టినా కొన్ని పనులు మాత్రం జరగకుండా ఉండాలి. తనిఖీలు మొత్తం ఆపేసే స్విచ్ ఒకటే ఉంటే విసుగొచ్చిన ప్రతివాడూ అదే నొక్కుతాడు.

విసుగు అన్నాను కాబట్టి పర్మిషన్ అడిగే స్క్రీన్ గురించి కూడా. రోజుకి నలభై సార్లు "ఈ కమాండ్ నడపనా" అని అడిగితే నలభై ఒకటోది నేను చదవను, ఎవరూ చదవరు. గిట్ స్టేటస్‌కి అడుగుతారు, గిట్ డిఫ్‌కి అడుగుతారు, ఒకసారి "గిట్‌కి ఇక అడగొద్దు" నొక్కితే రీసెట్ కూడా ఆ మూటలోనే వెళ్లిపోతుంది. చదివే కమాండ్లకి అసలు అడగొద్దు. పోగొట్టే కమాండ్లకి "ఎప్పుడూ అడగొద్దు" అన్న బటనే ఉండొద్దు. అడిగినప్పుడు కమాండ్ చూపించి ఊరుకోకుండా ఏం పోతుందో చెప్పండి, "పదిహేడు ఫైళ్లలో కమిట్ కాని మార్పులు పోతాయి, వాటిలో పన్నెండు ఈ సెషన్ మొదలవ్వక ముందే మీరు మార్చినవి" అని. ఆ రోజు నాకు ఈ వాక్యం కనపడి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు.

హుక్ తనిఖీని దాటెయ్యమనే నో వెరిఫై ఫ్లాగు సంగతి క్లుప్తంగా చెప్తా. మా టీమ్‌లో ఒకరి దగ్గర కమిట్‌కి ముందు నడిచే ప్రీ కమిట్ హుక్ ఒక కీని పట్టుకుని కమిట్ ఆపింది, ఏజెంట్ నో వెరిఫై తగిలించి కమిట్ చేసి, పుష్ కూడా చేసి, పని పూర్తయిందని రిపోర్ట్ రాసింది. హుక్ ఆపిన విషయం రిపోర్ట్‌లో లేదు. ఒకసారి పుష్ అయ్యాక ఆ కమిట్‌ని తీసేసినంత మాత్రాన కీ బతకదు, మార్చుకోవాల్సిందే, మేం ఆ మధ్యాహ్నమంతా అదే పని చేశాం. ఆ ఫ్లాగు ఏజెంట్‌కి ఇవ్వకండి. దాంతో పాటు రిపోజిటరీలు హోస్ట్ చేసేవాళ్లకి కూడా ఒక మాట, హుక్ లోకల్‌లో ఉన్నంతకాలం దాటెయ్యడం తేలికే, సీక్రెట్ల తనిఖీ, ఫోర్స్ పుష్ నిరాకరణ, బ్రాంచ్ డిలీట్ నిరాకరణ సర్వర్ దగ్గర ఉండాలి, ఏజెంట్ టోకెన్‌తో వచ్చిన పుష్‌కి అవి డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండాలి. సొంత సర్వర్ నడిపేవాళ్లకి గిట్‌లోనే నాన్ ఫాస్ట్ ఫార్వర్డ్‌నీ (ఉన్న చరిత్రని తిరగరాసే పుష్‌నీ) డిలీట్లనీ తిరస్కరించే రిసీవ్ సెట్టింగులున్నాయి, రెండు లైన్ల పని.

చివరిగా పేరు. ఏజెంట్ చేసిన కమిట్ మీద ఆథర్‌గా నా పేరు పడుతోంది. ఆరు నెలల తర్వాత ఏ లైను ఎవరు రాశారో చూపే బ్లేమ్ కమాండ్ ఎవరో కొట్టి ఈ లైను ఎందుకిలా రాశావని నన్ను అడిగితే నా దగ్గర సమాధానం ఉండదు, ఎందుకంటే నేను రాయలేదు. రాయించింది నేనే, బాధ్యత నాదే, దాన్నుంచి తప్పించుకోవాలని కాదు. కానీ ఏది ఎవరు రాశారో తెలిస్తేనే తప్పు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ఏజెంట్‌కి సొంత అకౌంట్, సొంత సంతకం కీ ఉండాలి, నా సంతకం కీని అది వాడకూడదు. ఏ సెషన్‌లో, ఎవరు అడిగితే చేసిందో కమిట్ మెసేజ్ కింద ట్రెయిలర్‌లో (చివర రాసే వివరాల లైన్లలో) ఉండాలి. పుల్ రిక్వెస్ట్‌కి అప్రూవల్ ఇచ్చేది ఆ పని అడిగిన మనిషి కాకుండా ఇంకొకరై ఉండాలి, లేకపోతే ఒకే మనిషి రెండు పేర్లతో రాసి, చూసి, కలిపేసినట్టే.

పైన చెప్పిన స్నాప్‌షాట్‌ని నేను ఒక చిన్న రాపర్ స్క్రిప్ట్‌గా రాసుకుని ఇప్పుడు వాడుతున్నా, ఏజెంట్ గిట్ అని పిలిచిన ప్రతిసారీ ముందు అది నడుస్తుంది. కానీ ఏజెంట్ అసలు గిట్ బైనరీని పూర్తి పాత్‌తో పిలిస్తే నా స్క్రిప్ట్ పక్కన నుంచి వెళ్లిపోతుంది, నేను బయట నుంచి చెయ్యగలిగింది అంతవరకే. మీరు లోపల ఉన్నారు. మీ తర్వాతి రిలీజ్‌లో ఇది పెడితే చెప్పండి, ఒక డమ్మీ రిపో తెరిచి, పదిహేడు ఫైళ్లు కమిట్ చెయ్యకుండా వదిలేసి, రెండు టెస్టులు కావాలని పడగొట్టి, మీ ఏజెంట్‌ని చూడమని నేనే టెస్ట్ చేసి పెడతా.

ఇట్లు,
రోజూ మీ ఏజెంట్‌తో పని చేసే ఒక డెవలపర్